ఇసుక పీపా

ఆ స్తంభాన్ని చిటికెన వేలితో కదపవచ్చు. ఇంటికి ఎవరు వచ్చినా అతను ముందుగా చూపించేది అదే. నలభై అడుగుల ఇనప గొట్టం, దాని కొసన చేపముల్లులా పరుచుకున్న అల్యూమినియం కడ్డీల యాంటెన్నా. అంతటి దాన్ని పట్టి ఉంచిన పిన్ను ఊడదీసి, భార్యను కేకవేసి, "ఏదీ, ఒక్కసారి నీ వేలు పెట్టు" అనేవాడు. ఆమె కుడుతున్న కర్టెను పక్కన పెట్టి, ఒడిలోని దారప్పోగులు దులుపుకొని, పెరట్లోకి వచ్చి వేలు ఆనించేది. స్తంభం చప్పుడు లేకుండా వాలడం మొదలుపెట్టేది. ఆ చప్పుడు లేకపోవడమే ఆమెకు నచ్చేది కాదు. అంత పెద్ద వస్తువు కదిలేటప్పుడు కిర్రుమనో, మూలిగో, తాను కదులుతున్నానని మనుషులకు తెలియజెయ్యాలి. అది తెలియజేసేది కాదు.

అతను వంతెనలు కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా ఇతరుల వంతెనలకు గీతలు గీసి, సాయంత్రాలు హామ్ రేడియో ముందు కూర్చునేవాడు. ఇంటి వెనకనున్న గుట్ట ఊరినీ, ఊరి అవతలి లోకాన్నీ అడ్డగించేది. ఆ గుట్ట తల దాటితే తప్ప అతని మాట ఎక్కడికీ చేరదు, ఎవరి మాటా అతన్ని చేరదు. అందుకే అంత ఎత్తు. అంత ఎత్తు ఎక్కి మరమ్మతులు చేసే వయసు దాటిపోయింది గనుక, తాను ఎక్కే బదులు స్తంభమే దిగివచ్చేలా కట్టాలని సంకల్పించాడు. మనిషెత్తు ఇనప కంబాలు రెండింటిని కాంక్రీటులో పాతి, వాటి నడుమ ఇరుసు అమర్చి, ఆ ఇరుసు మీద గొట్టాన్ని త్రాసు కాడలా నిలిపాడు. ఇరుసుకు పైన పొడవాటి భాగం, కింద పొట్టి భాగం. పొట్టి భాగం చివర, నేలకు జానెడు ఎత్తున, ఇసుక నింపిన ఇనప పీపా. పైనున్న పొడవుకు కిందనున్న బరువు సరిజోడు. పీపా అడుగున కట్టిన తాడు, నేలలో బిగించిన కప్పీ గుండా వచ్చి ఒక కంబానికి చుట్టుకునేది. తాడు వదిలితే స్తంభం వాలుతుంది, లాగితే లేస్తుంది. నిటారుగా నిలిచాక ఇరుసు పక్కన పిన్ను దూర్చితే ఇక కదలదు.

వెల్డింగు పనంతా ఆమె తమ్ముడిది. లావుపాటి మనిషి, మాటకారి. రేడియోని అక్క దగ్గర "నీ సవతి" అనేవాడు. "అక్కా, నీ సవతి గురగురలాడుతోంది, బావని పంపించు" అని పెరట్లోంచే కేకవేసేవాడు. పీపా మూత వెల్డింగు చేసే రోజున బావ ఒక కొత్త పని చెప్పాడు. పీపా అడుగున, పెన్సిలు దూరేంత బెజ్జం పెట్టమన్నాడు.

"మూత మూసేస్తున్నాం కదా బావా. మళ్ళీ అడుగున బెజ్జం దేనికి?"

"ఎంత మూసినా ఎక్కడో తేమ దూరుతుందోయ్. ఇసుక తడిస్తే బరువెక్కుతుంది. బరువెక్కితే తూకం పోతుంది. నీళ్ళు కారిపోవాలి, ఇసుక నిలబడాలి."

"అంటే పీపాకి ముక్కు పెడుతున్నావన్నమాట. జలుబు చేస్తే చీదుకోడానికి."

"నవ్వుకో. గుడ్డ మాత్రం గట్టిగా కుక్కు."

తమ్ముడు అక్క దగ్గర కర్టెను గుడ్డ పీలిక ఒకటి అడిగి తెచ్చి కుక్కాడు. ఇంకొకరు ఎవరైనా అయితే ఆ బెజ్జం జోలికి పోయేవారు కాదు. చెంబెడు నీళ్ళు చేరితే చేరనీ, వేలితో కదిలేదాన్ని రెండు చేతులతో లాగవలసి వస్తే రానీ అనుకునేవారు. అతనికి అలా అనుకోవడం చేతకాదు.

స్తంభం వాలే దారి ఒక్కటే. పెరడు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, దాని చివర రేకుల కప్పు వేసిన గది. ఆ కప్పు మీద అతను ఒక చెక్క దిమ్మ బిగించాడు. స్తంభం వంగివచ్చి ఆ దిమ్మ మీద తల పెట్టుకునేది. అప్పట్లో ఆ గదిలో పాత సామాను ఉండేది గనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

వానలు మొదలు కాబోతుండగా కూతురు పుట్టింటికి వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఆరో నెల పడింది. డాక్టరమ్మ మంచం దిగవద్దంది, లేచి కూర్చోవద్దంది, నవ్వినా నెమ్మదిగా నవ్వమంది. అల్లుడు ఉద్యోగరీత్యా ఎక్కడో దూరాన ఉన్నాడు. ఇంటి ముందు భాగమంతా లారీల రొద, మధ్య గదిలో కుట్టుమిషను. వెలుతురూ, నిశ్శబ్దమూ, పక్కనే స్నానాలగదీ ఉన్నది ఆ చివరి గది ఒక్కటే. సామాను తీయించి, సున్నం వేయించి, కాళ్ళ వైపు ఎత్తు చేసే ఆసుపత్రి మంచం ఒకటి లోపలే బిగించి, కూతుర్ని అందులో పడుకోబెట్టారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్తతో అంది:

"పిల్ల ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ పోల్ దించకండి."

"దించితే ఏమవుతుంది? నువ్వు వేలు పెట్టి కదిపిందే కదా."

"నేను వేలు పెట్టి కదిపాను కాబట్టే చెప్తున్నా. దించనని మాటివ్వండి."

"సరే, ఇచ్చాను."

అతను మాట నిలబెట్టుకున్నాడు. వానలు పడ్డన్నాళ్ళూ ఆ పిన్ను ఎవరూ తీయలేదు, ఆ స్తంభానికి ఎవరూ వేలు ఆనించలేదు. ఒక్కసారి ఆనించి ఉన్నా తెలిసిపోయేది.

ఆమె పొద్దున్నే పెరడు ఊడ్చేటప్పుడు పీపా కింద చారెడు ఇసుక కనబడేది. చీమలు తోడి పోస్తున్నాయనుకుని ఊడ్చేసేది. మర్నాడు మళ్ళీ ఉండేది. వాన గట్టిగా పడిన రోజున కొంచెం ఎక్కువగా, తడిసి ముద్దగా ఉండేది. చీపురుకు అంటుకుంటుందని విసుక్కునేది.

తుఫాను సంగతి మొదట చెప్పింది దీవి మీది మనిషి. సముద్రంలో దూరాన, ఒక రాతి దీవి మీద దీపస్తంభం చూసుకునే ఒంటరివాడు ఆయన. భర్తకూ ఆయనకూ ఏళ్ళ స్నేహం. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఆ ఉదయం ఆమె కాఫీ గ్లాసుతో రేడియో గదిలోకి వెళ్ళేసరికి ఆ గొంతు ఇసుక మీద ఈడ్చినట్టుగా వినబడుతోంది.

"గాలి తిరిగింది. నిన్నటినుంచి పక్షి అన్నది కనబళ్ళేదు. ఒడ్డు వాళ్ళకి చెబుదామంటే ఎవరూ పలకడం లేదు. నువ్వు వింటున్నావుగా?"

"వింటున్నా. చెప్పు."

"ఊరికే మాట్లాడుతూ ఉండు. అది చాలు."

మధ్యాహ్నానికి ఇంట్లో కరెంటు పోయింది. ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది. గుట్ట మీది చెట్లన్నీ ఒకే పక్కకు వంగి, మళ్ళీ లేవడం మానేశాయి. అతను రేడియోను బ్యాటరీకి తగిలించి అక్కడే కూర్చున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఆ రోజు దించవద్దన్నది నేనే. ఇప్పుడు దించమంటున్నదీ నేనే. పిల్లని ముందు గదిలోకి మార్చి, గాలి ఎక్కువ కాకముందే దించేయండి."

"ఆ మనిషి ఒక్కడే ఉన్నాడక్కడ. దించితే ఆయనకి నేనుండను."

"పైన ఉంటే మనకి పిల్ల ఉండదేమో. అది ఆలోచించారా?"

"అలాంటి మాటలనకు." అతను చెవులకున్న హెడ్‌ఫోన్ ఒక పక్క తీశాడు. "సాయంత్రం లోపల దించుతా. పిల్లని కదపడం దేనికి? డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్చిపోయావా? ఆ పోల్ పిల్ల మీద ఊపిరైనా వదలదు."

దించడానికి సాయం కావాలని తమ్ముడికి పొద్దుటే కబురు వెళ్ళింది. స్కూటరు మీద, గాలికి ఎదురుగా, ఒళ్ళంతా తడిసి వచ్చాడు.

"నా బరువుండబట్టి రోడ్డు మీద నిలబడింది స్కూటరు. లేకపోతే పతంగిలాగా ఎగిరిపోయేవాణ్ణే అక్కా, నువ్వు దారం పట్టుకోవాల్సొచ్చేది." తువ్వాలు అందుకుంటూ పెరట్లోకి చూశాడు. "అదేంటి, పీపా కింద ఆ ముగ్గు?"

"చీమలురా. రోజూ ఊడవలేక చస్తున్నా."

"వానలో చీమలేంటక్కా?"

వెళ్ళి పీపా కింద వంగాడు. బెజ్జానికి వేలు ఆనించి తీసి, వేలు వంక చూసుకున్నాడు. గుడ్డ లేదు. ఎప్పుడో కుళ్ళి, పీచుపీచై జారిపోయింది. జేబులోంచి స్పానరు తీసి పీపాను అడుగు నుంచి పైకి కొడుతూ వచ్చాడు. అడుగున మొద్దుగా పలికిన పీపా నడుముకు రాకముందే గంటలా మోగింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మోగింది. అతని నోటి వెంట వేళాకోళం రాకపోవడం ఆమె ఆ క్షణంలోనే గమనించింది.

"ఎన్నాళ్ళబట్టి ఊడుస్తున్నావక్కా?"

"వానలు పట్టినప్పట్నుంచీ." ఆమెకు అప్పుడు అర్థమయింది. "ఒరేయ్, అది పీపాలోదా?"

"బావని పిలు."

బావ వచ్చి, స్పానరు తీసుకుని, తానూ కొట్టి విన్నాడు. తరవాత తల ఎత్తి స్తంభం కొసను చూశాడు. యాంటెన్నా గాలికి ఒక పక్కకు మెడ తిప్పి వణుకుతోంది. కింద బరువు సగం పోయింది, పైన బరువు అంతే ఉంది, పైగా గాలి తోడయింది. ఇన్నాళ్ళూ ఆ పొడవంతటినీ నిలబెట్టింది తూకం కాదు, బొటనవేలంత పిన్ను, తడిసిన తాడు. అవి తెగితే అది పడే దారి ఒక్కటే. ఆ దారి చివర గది కిటికీలో నారింజ రంగు కర్టెను కనబడుతోంది.

"మూత కోసి ఇసుక నింపితే?" అన్నాడు.

"కరెంటు లేదు బావా. ఉలితో ఊడటానికి అదేమన్నా బిస్కెట్ల డబ్బానా, నేను వేసిన వెల్డింగు." తమ్ముడు బెజ్జంలో పుల్ల ఒకటి బిగగొట్టాడు. "ఇసుక స్థానంలో నేను కూర్చుంటా. పీపా మీద. ఎంత పోయిందో సుమారుగా నేనూ అంతే ఉంటా. అక్క పెట్టిన తిండి ఇన్నాళ్ళకి పనికొస్తోంది."

"సుమారుగా," అని అతను ఆ మాటను పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆ మాట ఎన్నడూ వినబడి ఉండదు.

"ముందు పిల్లని బయటికి తెండి," అంది ఆమె.

కూతురు కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంది. రేకుల మీద వాన చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది. విషయం విని తల అడ్డంగా తిప్పింది.

"నన్ను కదపద్దమ్మా. పొద్దుట్నుంచి లోపల బరువుగా ఉంది. కదిలితే ఏదో అవుతుందనిపిస్తోంది."

"కదలకపోతే ఏమవుతుందో తెలుసా తల్లీ నీకు?"

"నాన్న లెక్క ఎప్పుడు తప్పింది? నాన్నా, నువ్వు చెప్పు. నువ్వు పర్లేదంటే నేనిక్కడే ఉంటా."

అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తడిసిన చొక్కా లోంచి నీళ్ళు గడప మీద కారుతున్నాయి. ఆ పిల్ల చిన్నప్పుడు జారుడుబల్ల ఎక్కాలన్నా, ఈత నేర్చుకోవాలన్నా ఇలాగే తండ్రి ముఖం చూసేది. అతను పర్లేదంటే మళ్ళీ రెండో ప్రశ్న ఉండేది కాదు.

"చెప్పండి," అంది భార్య.

"లెక్క తెలీదమ్మా," అన్నాడు అతను. "ఇసుక ఎంత పోయిందో నాకు తెలీదు. మీ మామయ్య బరువెంతో తెలీదు. గాలి ఎంతో తెలీదు."

కూతురు తల్లి వైపు చెయ్యి చాచింది. మంచం తలుపులోంచి రాదు గనుక పక్కదుప్పటితోనే ఎత్తారు. తండ్రి తల దగ్గర, మామయ్య కాళ్ళ దగ్గర, తల్లి నడుము కింద రెండు చేతులూ చాచి. వాన కొడుతున్న పెరటిలో, ఆ స్తంభం నీడన్నది లేని వెలుతురులో, అడుగు తరవాత అడుగు. మధ్య గది మలుపు దగ్గర దుప్పటి ఒక పక్కకు జారింది. కూతురు పళ్ళ బిగువున ఊపిరి పీల్చిన చప్పుడు ఆమె చెవి పక్కనే వినబడింది. "అయిపోయింది తల్లీ, అయిపోయింది," అంటూనే ఉంది ఆమె, ముందు గదిలో పరుపు మీద దించేదాకా.

పిన్ను తీసేముందు అతను రేడియో దగ్గరికి వెళ్ళి, దీవి మనిషితో రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు. ఏమని చెప్పాడో ఎవరూ అడగలేదు. తమ్ముడు ఇరుసుకూ పీపాకూ నడుమనున్న గొట్టాన్ని కౌగిలించుకుని పీపా మూత మీద కూర్చున్నాడు.

"వదులు బావా. నేను గనక పైకెళ్ళిపోతే స్కూటరు అక్కకే."

అతను పిన్ను ఊడదీసి, కంబానికి చుట్టిన తాడును చుట్టు తరవాత చుట్టు వదిలాడు. తడి తాడు కంబానికి రాసుకుని పీచు లేస్తోంది. ఒక పోగు ఆమె కళ్ళ ముందే పుటుక్కున తెగింది. అయినా స్తంభం తొందరపడలేదు. తమ్ముడు గొట్టానికి కరుచుకుని నెమ్మదిగా పైకి లేస్తూ ఉంటే, ఆ చివరన యాంటెన్నా నెమ్మదిగా దిగుతూ వచ్చి, రేకుల మీది దిమ్మపై తల ఆనించింది. రకాబీలో కప్పు పెట్టినంత చప్పుడైనా కాలేదు.

"చూశావా," అని తమ్ముడు గాలిలోంచి నవ్వాడు. "ఇసుకకి ఏం తీసిపోయాను నేను?"

అతనూ నవ్వాడు, ఆ రోజుకు మొదటిసారి. ఆమె ఆ గదిలోకి వెళ్ళి చూసింది. ఖాళీ మంచం, దిండు మీద తల ఆనిన గుంట. మంచినీళ్ళ గ్లాసు మీద పెట్టిన మూత ఒక వెంట్రుకవాసి పక్కకు జరగలేదు. అదే పనిగా దాన్ని చూస్తూ నిలబడింది. కదపకపోయినా ఏమీ అయ్యేది కాదు. కదపమని పట్టుబట్టింది తను. అప్పుడు ముందు గదిలోంచి, కేకలా కాకుండా, ఏదో వస్తువు అడుగుతున్నట్టుగా, "అమ్మా, ఒకసారి రా," అని వినబడింది.

దుప్పటి మీద మరక అరచేతి కన్న పెద్దదిగా లేదు. ఆమె చూస్తుండగానే పెద్దదయింది.

ఫోన్లు మూడూ మూగవయి ఉన్నాయి. తమ్ముడు స్కూటరు తీశాడు. ఊళ్ళోకి పోయి అంబులెన్సు వెంటబెట్టుకుని వస్తానన్నాడు. గుట్ట చుట్టూ తిరిగే రోడ్డు మలుపులో ఆ చప్పుడు గాలిలో కలిసిపోయింది. తరవాత ఇంటి చుట్టూ ఉన్నది గాలి ఒక్కటే. ఆమె గుడ్డలు మార్చింది, మళ్ళీ మార్చింది. ఎంతసేపు గడిచిందో ఆ గుడ్డల కుప్పను బట్టి తెలిసింది. తమ్ముడు రాలేదు. దారికి అడ్డంగా చెట్టు పడిందో, వంతెన మీదికి నీళ్ళొచ్చాయో, ఇంకేమయిందో ఊహించడానికి ఆమె ధైర్యం చెయ్యలేదు.

రేడియో గదిలో అతను బట్టలారేసే తీగకు వైరు తగిలించి పిలిచి చూశాడు. గుట్ట అవతల, ఊళ్ళో, ఇలాంటి రోజుల్లో రేడియో దగ్గర కూర్చునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళలో ఒక్కడు విన్నా ఆసుపత్రికి చేరుస్తాడు, రోడ్డు లేకపోతే పడవనో ట్రాక్టరునో పంపిస్తారు. కానీ తీగలో బరబర తప్ప ఏమీ పలకలేదు. అతను వచ్చి కూతురి గుమ్మంలో నిలబడి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"గుట్ట దాటడం లేదు. అది లేపాలి."

ఆమె కూతురి వంక చూసింది. కూతురి పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి.

"వెళ్ళండమ్మా," అంది కూతురు. "నేను మెలకువగానే ఉంటా."

పెరట్లో నీళ్ళు మడమల దాకా నిలిచాయి. స్తంభం గది కప్పు మీద పడుకుని ఉంది. పీపా మనిషెత్తున గాలిలో ఉంది. అతను పనిబల్ల మీద ఇనుమును బిగించి పట్టే బరువైన వైసు ఊడదీసి తెచ్చి, నిచ్చెనెక్కి పీపాకు కట్టాడు. ఇంకేం కట్టవచ్చో అని చుట్టూ చూస్తున్నాడు. మామూలుగా అయితే ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకునేవాడు.

"నేనెక్కుతాను," అంది ఆమె.

"నువ్వు మీవాడిలో సగం ఉండవు."

"మిగతా సగం మీరు లాగండి."

అతను నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కి, గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి, పీపాకు వీపు ఆనించి కూర్చుని, రెండు చేతులా గొట్టాన్ని పట్టుకుంది. ఇనుము ఎముకల్లోకి చల్లగా దిగింది. అతను కప్పీ దగ్గర కాళ్ళు తన్నిపెట్టి తాడు లాగాడు. ఏమీ కదల్లేదు. అతను మళ్ళీ లాగాడు, గొంతులోంచి ఆమె ఎన్నడూ వినని చప్పుడొకటి వచ్చింది. అప్పుడు దిమ్మ మీదినుంచి స్తంభం తల లేచింది. ఆమె వీపు కింద పీపా అణగడం మొదలయింది. తను దిగుతున్న కొద్దీ ఎదురుగా ఆ పొడవాటి గొట్టం ఆకాశంలోకి లేవడం చూసింది. గాలి యాంటెన్నాను అందుకుని వెనక్కి తోసింది. రెండుసార్లు అంతా ఆగి, కొంత వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. ఆమె వీపు పీపా మూత మీదినుంచి జారింది, ఆ మూతే ఇప్పుడు ఆమె కింద నేలలా అయింది. దాని మీద గొంతుక్కూర్చుని గొట్టాన్ని చుట్టుకుంది. స్తంభం నిలబడింది.

అతను తాడును కంబానికి చుట్టి ముడివేసి, పిన్ను పట్టుకుని ఇరుసు దగ్గరికి పరుగెత్తాడు. పిన్ను దూరలేదు. గొట్టంలోదీ కంబంలోదీ, బెజ్జాలు రెండూ వేలు వెడల్పున తప్పాయి. గాలి అటు తోస్తున్నంతసేపూ అవి కలవవు. సుత్తితో కొట్టాడు, గొట్టాన్ని భుజంతో నెట్టాడు. పిన్ను కొన వంగింది తప్ప లోపలికి పోలేదు. తాడు వైపు చూశాడు. కంబం దగ్గర పీచు లేచిన చోట ఇంకొక పోగు విడిపోయి, వానలో వేలాడుతోంది.

"తాడు ఒక్కటే ఆపుతుందో లేదో చెప్పలేను," అన్నాడు. "నేను మాట్లాడి వచ్చేదాకా దిగకు."

"వెళ్ళండి."

"ఏం జరిగినా దిగకు."

"వెళ్ళమన్నానా."

రేడియో గది కిటికీ పెరటివైపే ఉంది. లోపల చిన్న దీపం వెలిగింది. అతని గొంతు వినబడింది, వంతెన కొలతలు అప్పజెప్పేటప్పటి గొంతు, తొట్రుపాటు లేకుండా. ఎమర్జెన్సీ, ఎవరైనా వింటున్నారా. గర్భిణి, రక్తం పోతోంది. ఎవరైనా వింటున్నారా. ఆగడం. బరబర. మళ్ళీ మొదటినుంచి.

ముందు గదిలోంచి కూతురు పిలిచింది.

"అమ్మా."

ఆమె అప్రయత్నంగా ఒక కాలు నేలకు దించబోయింది. పీపా పైకి తేలుతున్నట్టు అనిపించింది, తాడు బిగుసుకుని చిటపటలాడింది. కాలు వెనక్కి తీసుకుంది. గొట్టానికి చెంప ఆనించి, ఇంటి వైపు ముఖం తిప్పి, "ఇక్కడే ఉన్నా తల్లీ," అని అరిచింది. గాలి ఆ మాటను గుట్ట వైపు తీసుకుపోయింది.

"అమ్మా, రావా."

"వస్తున్నా. మాట్లాడుతూ ఉండు. నీకు తోచింది ఏదో ఒకటి మాట్లాడు."

కిటికీలో బరబర మధ్యనుంచి ఎవరిదో గొంతు లేచింది. దూరంగా, చిలుం పట్టినట్టుగా. అడ్రసు మళ్ళీ చెప్పండి, అంటోంది. అతను చెప్పాడు. వీధి పేరు మళ్ళీ, అంది గొంతు. అతను ఒక్కొక్క అక్షరమే విడదీసి చెప్పాడు. గాలి ఒక్కసారిగా స్తంభాన్ని పట్టి కుదిపింది, గొంతు మునిగిపోయింది, మళ్ళీ తేలింది. రోడ్డు ఎటు నుంచి తెరిచి ఉంది, ఎన్నో నెల, ఎంతసేపటినుంచి. ప్రశ్న తరవాత ప్రశ్న. అతను ఒక్కొక్కదానికి జవాబు చెబుతున్నాడు.

ఆమె ఇంటి వైపు చెవి పెట్టింది. కూతురి పిలుపు ఆగిపోయింది.

"తల్లీ," అంది. జవాబు రాలేదు. "ఏమే, పలకవే."

కిటికీలో భర్త వీధి పేరు మూడోసారి చెబుతున్నాడు. ఆమె పీపా మీద తన బరువునంతా వేసి, ఇంకొంచెం బరువుండాలని కోరుకుంటూ, గొట్టాన్ని వదలకుండా కూర్చుంది.